బరువు లేని పాదం

గోదావరి లంక ఊళ్ళలో ఎవరికైనా నడుం పట్టేసిందంటే ముందు డాక్టర్ని వెతకరు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు దగ్గరలో ఎవరున్నారా అని వెతుకుతారు. తల ముందు కాకుండా కాళ్ళు ముందుగా భూమ్మీద పడ్డ మనిషి వచ్చి నడుం మీద తొక్కితే పట్టు వదిలిపోతుందని అక్కడి నమ్మకం. నిజమేనా అని అడిగితే నవ్వుతారు. నవ్వుతూనే వెళ్ళి బోర్లా పడుకుంటారు. పైగా దీనికొక కట్టుబాటు ఉంది. తొక్కించుకున్న సంగతి తొక్కించుకున్నవాళ్ళు ఎవరికీ చెప్పకూడదు. చెబితే పోయిన పట్టు రెట్టింపై తిరిగొస్తుందట.

మంగతాయారు అలా పుట్టిన పిల్ల. ఆమె పుట్టిన పూటే తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. మేనత్త అచ్చియ్యమ్మ చంకనేసుకుని పెంచింది. తాయారుకి నడక వచ్చినప్పటి నుంచీ వీధి వీధంతా ఆ పిల్ల కాళ్ళ మీద కన్నేసింది. అన్నం తింటుంటే చెయ్యి కడిగించి మరీ లాక్కుపోయేవారు. బడికి వెళుతుంటే దారి కాసి, "అమ్మలూ, ఓసారి కాలేసి పోవే" అని అరుగుల మీద బోర్లా పడుకునేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. జాంపండో బెల్లంముక్కో చేతిలో పెట్టేవారు. కానీ అదే నోటితో, పిల్లకి వినపడదులే అనుకుని, "తల్లిని తొక్కుకుంటూ వచ్చిన కాళ్ళు కదా, అందుకే అంత మహిమ" అని చెప్పుకునేవారు. పిల్లలకి వినపడని మాటంటూ ఉంటుందా ఎక్కడైనా?

పదో తరగతిలో ఉండగా ఒకరోజు ఎదురింటి పెద్దాయన పిలిస్తే, తాయారు రోడ్డు మధ్య నిలబడి "ఇక మీదట నేనెవర్నీ తొక్కను" అని అందరూ వినేలా చెప్పింది. కళ్ళు నెత్తికెక్కాయన్నారు. చదువు ముదిరిందన్నారు. అచ్చియ్యమ్మ మాత్రం "దాని కాళ్ళు, దానిష్టం" అని మేనకోడల్ని లోపలికి తీసుకుపోయి తలుపేసింది.

అచ్చియ్యమ్మది కడియం నర్సరీల్లో అంట్లు కట్టే పని. పొద్దున్నే కూర్చుందంటే వంచిన నడుం ఎత్తకుండా మామిడి అంట్లు, గులాబీ అంట్లు కట్టేది. ఆ నడుం మీదే తాయారు ఇంజనీరింగు నడిచింది, ఆపైన పెద్ద చదువు నడిచింది. అంతా అయ్యేసరికి అచ్చియ్యమ్మ నడుం కింది రెండెముకల మధ్య గుజ్జు అరిగి అరిగి కాగితమంత మిగిలింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకోవాలి. రాజమండ్రిలో అరిగిన గుజ్జుని మళ్ళీ మొలిపించే పరిశోధన జరుగుతోందని తెలిసి తాయారు అక్కడ ఉద్యోగానికి చేరింది. లోకాన్ని ఉద్ధరించడానికి కాదు. అత్తని నిలబెట్టాలి, అంతే. ఆ మాట ఇంటర్వ్యూలోనూ దాచకుండా చెప్పింది.

ఆ పరిశోధనశాల పెద్ద ప్రొఫెసర్ భానుమూర్తి. చాలా జాగ్రత్త మనిషి. మంచినీళ్ళు తాగాలన్నా గ్లాసు రెండుసార్లు కడుగుతారు. అచ్చియ్యమ్మకి సూది వేసిన రోజు ఆయన చల్లటి పెట్టెలోంచి సీసా తీసి వెలుతురులో తిప్పి చూశారు. చల్లగా ఉన్నంతసేపూ ఆ మందు నీళ్ళలా జారుతుంది. ఒంటి వేడి తగిలిందంటే గడ్డపెరుగులా తోడుకుంటుంది. లోపల ప్రాణమున్న కణాలుంటాయి. అందుకే దానికి మొలక గుజ్జు అని పేరు పెట్టారు.

"ఏం డాక్టరుబాబూ, గంజి పోత్తన్నారా ఏంటి నా నడుంలో?" అంది అచ్చియ్యమ్మ బోర్లా పడుకునే.

"విత్తనం అనుకోండమ్మా."

"ఇత్తనమైతే మొలకెత్తిందాకా కదపకూడదు కదండీ."

"మేమూ అదే చెబుతున్నాం. చాలామంది వినరు" అన్నారు ఆయన, సూది దించుతూ.

పక్కనే తెర ముందు తాయారు కూర్చుంది. రోగి పడుకున్న పరుపు ఆమె చేతుల మీద తయారైనదే. గుజ్జులో కణాలు నార పేనుతుంటే వచ్చే సన్నటి చప్పుడుని ఆ పరుపు వింటుంది. విన్నది తెర మీద నీలం గీతలుగా కనిపిస్తుంది. కణాలు తమ మీద పడే బరువుని బట్టి నార పేనుకుంటాయి. మెల్లగా నడుస్తూ, మెల్లగా పడుకుంటూ ఉంటే నార తిన్నగా పై ఎముక నుంచీ కింది ఎముక నుంచీ ఎదురెదురుగా వస్తుంది. నెల తిరిగేలోపు ఒకరోజు ఆ రెండు కొసలూ కలిసి బిగుసుకుంటాయి. ఆరోజు మనిషికి నడుం మేకు దిగ్గొట్టినట్టు పట్టేస్తుంది. అదే మంచి గుర్తు. పట్టు ఉండే నాలుగు రోజులూ ఓర్చుకుంటే కొత్త గుజ్జు తయారైనట్టే. కానీ అప్పటికి గుజ్జు ఇంకా సగం పచ్చి. ఒక్కసారిగా బరువు పడిందా, వెనక్కి చిమ్మి నరం మీద పడుతుంది. ఈ సంగతి ప్రతి రోగికీ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపేవారు.

అచ్చియ్యమ్మకి పట్టు వచ్చిందని కబురొచ్చిన పూట తాయారు బస్సెక్కి ఊరికి పరిగెత్తింది. అత్త చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలి, పళ్ళు బిగించి ఉంది.

"వచ్చావా. తాయారూ, ఒక్కసారి కాలెయ్యవే."

"అత్తా, నువ్వు కూడానా?"

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడిగానటే? ఊరంతా నిన్ను లాగుతుంటే నేనడ్డం పడ్డానా లేదా? ఇప్పుడు ఓర్చుకోలేకపోతన్నాను. ఒక్కసారే."

"ఇది మామూలు పట్టు కాదు. లోపల నార బిగుసుకుంటోంది. నా కాలు చేసేదేం లేదు. నాలుగు రోజులు ఓపిక పట్టు, చాలు."

తాయారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ నిజమంతా అదే కూడా కాదు. బోర్లా పడుకున్న ఆడమనిషి వీపు చూస్తే ఆమెకి అరికాళ్ళు చల్లబడిపోతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ సంగతి అత్తకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. మాత్రలిచ్చి, పక్కింటావిడకి అప్పగించి, సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేసింది.

మూడోనాడు అచ్చియ్యమ్మని ఆటోలో పరిశోధనశాల ఆసుపత్రికి తీసుకొచ్చారు. నొప్పి తగ్గింది గానీ కుడి పాదం వేలాడిపోయింది. చెప్పు కాలికి నిలవడం లేదు. అడుగు వేస్తే వేళ్ళు నేలని ఈడుస్తున్నాయి. పరుపు మీద పడుకోబెట్టి చూస్తే తెర మీద నీలం గీతలు తెగిపోయి ఉన్నాయి. గుజ్జు ముద్దగా వెనక్కి వచ్చి నరాన్ని నొక్కుతోంది.

భానుమూర్తి గారు ఆ తెర వంక చాలాసేపు చూశారు. "ఇది నాలుగో కేసు తాయారూ. నలుగురూ నర్సరీ పనివాళ్ళే. టౌనువాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఏళ్ళ తరబడి వంగి పనిచేసిన నడుముకి ఈ గుజ్జు ఆగడం లేదనుకుంటాను. ఇక మీదట వాళ్ళని తీసుకోవద్దు."

"మా అత్త సంగతి?"

"నరం మీద పడ్డది తీసేస్తాను. కానీ మధ్యలో గుజ్జు లేకపోతే ఎముకలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నరం నలుగుతూనే ఉంటుంది."

"అంటే పాదం లేవదు."

"రెండో సూది వేస్తే లేవచ్చు. ఆగని నడుంలో రెండోసారి ఎలా వెయ్యమంటావు? మళ్ళీ చిమ్మితే నరం పూర్తిగా పోతుంది." ఆయన గొంతులో కాఠిన్యమేమీ లేదు. అదే తాయారుని ఎక్కువ భయపెట్టింది.

ఆమె వార్డులోకి వెళ్ళి అత్త మంచం పక్కన కూర్చుంది. "ఏమైనా బరువెత్తావా?" లేదంది. "జారిపడ్డావా?" లేదంది. తాయారు "ఎవరు తొక్కారత్తా?" అంది.

అచ్చియ్యమ్మ గోడ వైపు తిరిగింది. ఒక ప్రశ్నకి పది జవాబులిచ్చే మనిషి నోరు మెదపలేదు. అలాంటి మౌనం తాయారుకి కొత్త కాదు. చిన్నతనమంతా ఆమె చుట్టూ ఉన్న మౌనమే అది. తన కాలు పడ్డ ప్రతి మనిషీ మర్నాడు బజారులో ఏమీ జరగనట్టు అలాగే మొహం తిప్పుకునేవాడు.

మర్నాడు తాయారు మిగిలిన ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళింది. ఒకాయన వెంటనే ఎండల గురించి ఎత్తుకున్నాడు. ఒకావిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయి మళ్ళీ రాలేదు. పొయ్యి అసలు వెలిగించే లేదు. మూడో ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ మాట బయటికి రానివ్వలేదు. కాలు పడిపోయిందన్న దిగులు ఒకవైపు, చెబితే పట్టు తిరిగొస్తుందన్న భయం ఇంకోవైపు. వీళ్ళని అడిగి లాభం లేదని తాయారుకి తేలిపోయింది. వెనక్కి వస్తుంటే కాలవ గట్టు మీద తట్టింది. చెప్పకూడదన్న కట్టు తొక్కించుకున్నవాళ్ళకే. తొక్కినవాళ్ళకి లేదు. అది తనకంటే బాగా ఎవరికి తెలుసు?

తాను మానేశాక ఆ చుట్టుపక్కల ఎదురుకాళ్ళ మనిషి ఒక్కడే మిగిలాడు. బుల్లెబ్బాయి. మొక్కలు లారీలకెక్కించే పని ఆయనది. తాయారు వెళ్ళేసరికి కుండీలు సర్దుతున్నాడు.

"బాబాయ్, మా అత్తని తొక్కింది నువ్వేనా?"

ఆయన దాచలేదు. "అవునే. పాపం మెలికలు తిరిగిపోతోంది. నువ్వు కాదన్నావంట కదా."

"మిగతా ముగ్గుర్నీ?"

"వాళ్ళనీ నేనే. ఏం, పట్టు వదల్లేదా?"

"పట్టు వదిలింది. పాదాలు పడిపోయాయి." తాయారు లోపల ఏమైందో మట్టి మీద పుల్లతో గీసి చెప్పింది. రెండెముకలు, మధ్యలో పచ్చి గుజ్జు, పైనుంచి కాలు. బుల్లెబ్బాయి ఆ గీతల దగ్గర కూలబడిపోయాడు.

"నా కాలి మీద ఒట్టు, మంచికే చేశానే."

"తెలుసు. నేను పెట్టనన్నాను కాబట్టే నీ దగ్గరకొచ్చారు. ఇప్పుడు నువ్వు మా ప్రొఫెసరు ముందుకొచ్చి ఈ మాటే చెప్పాలి. చెబితే మా అత్తకి ఇంకో దారి ఉంటుంది. లేకపోతే లేదు."

"పోలీసులకి పట్టిత్తారా?"

"పట్టివ్వరు. నేనున్నాను."

ఆయన చేతులు దులుపుకుని లేచాడు. "పద అయితే. అచ్చియ్యమ్మొదిన కట్టిన అంట్లు మోసే కదా నా పిల్లలకి కూడెట్టాను."

పరిశోధనశాలలో బుల్లెబ్బాయి కుర్చీ అంచున కూర్చుని నలుగురి పేర్లూ చెప్పాడు. "ఎంత బరువు వేశారు?" అని అడిగారు భానుమూర్తి గారు. "రెండు కాళ్ళూ ఎక్కించానండి. పెద్ద పట్టు కదండి మరి." ప్రొఫెసర్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు. బుల్లెబ్బాయి సన్నటి మనిషేం కాదు. ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు మొహం చేతుల్లో పెట్టుకున్నారు.

బుల్లెబ్బాయి బయటికి వెళ్ళాక ఆయన అన్నారు, "గుజ్జులో లోపం లేదన్నమాట. సరే. ఎవరూ తొక్కించుకోకూడదని గట్టిగా చెబుదాం."

"చెబితే సరే అంటారు సర్. వెళ్ళి తొక్కించుకుంటారు. అడిగితే నోరు విప్పరు. పట్టు వచ్చిన గంటలో వాళ్ళకి ఎవరిదో ఒక కాలు కావాలి. ఆ కాలు నాదవ్వాలి."

"ఏమిటీ?"

"నేను పెడతాను. బరువు వెయ్యను. ఆనీ ఆననట్టు పెట్టి, పట్టు దిగేదాకా నిలబడతాను. నా కాలు పడ్డాక ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళరు. అది మా ఊరి మర్యాద."

"ఇది పరిశోధనశాల అనుకున్నావా, జాతర అనుకున్నావా? సైన్సు చదివిన దానివి, నువ్వా ఈ మాట అనేది?"

"సైన్సు చదివాను కాబట్టే అంటున్నాను. గుజ్జు ఏ బరువుకి ఎలా పేనుకుంటుందో అంతా లెక్క కట్టాం. నొప్పొచ్చిన మనిషి ఎక్కడికి పోతాడో ఆ లెక్క మాత్రం కట్టలేదు."

భానుమూర్తి గారు లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "పెడితే అందరికీ పెట్టాలి. పల్లెవాళ్ళకి ఒక పద్ధతి, టౌనువాళ్ళకి ఒక పద్ధతి అంటే ఫలితాలు పోల్చలేను. మనవాళ్ళలో లెక్చరర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు."

"వాళ్ళవీ నడుములే కదా సర్."

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "మీ అత్తకి మళ్ళీ చిమ్మితే? ఆ పాదం ఇక జన్మలో లేవదు. అప్పుడు నువ్వు తట్టుకోగలవా?"

"తట్టుకోలేను. అయినా సూది వెయ్యండి. వెయ్యకపోయినా లేవదు కదా."

ఆయన ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. కాలులో ఏ మహిమా లేదని ముందుగా అందరికీ చెప్పి తీరాలి. మోసం చేసి మందు ఇవ్వడం తన వల్ల కాదన్నారు. తాయారుకి అది షరతులా అనిపించలేదు. ఆ మాట పెద్దగా చెప్పాలని ఆమెకి ఏళ్ళ బట్టీ ఉంది.

నర్సరీ షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. గుజ్జు సంగతి చెప్పింది, నలుగురి పాదాల సంగతి చెప్పింది. బుల్లెబ్బాయి లేచి, ఇక తాను ఎవర్నీ తొక్కనని అందరి ముందూ అన్నాడు. "నా కాళ్ళలో ఏమీ లేదు. అయినా మీకు పట్టు వచ్చినప్పుడు నేనొస్తాను. నా కాలే పెట్టించుకోండి. ఇంకెవర్నీ పిలవకండి" అంది తాయారు.

అంట్లు కట్టే ముసలామె ఒకతె తల గోక్కుంది. "మహిమ లేదంటావు, మళ్ళీ పెడతానంటావు. మరెందుకే పెట్టడం?"

"మీరు ఇంకోచోటికి పోకుండా ఉండటానికి."

"సరేలే. మహిమ ఉందో లేదో నీకేం తెలుత్తుంది? కాలు నీది గానీ, నడుం మాది కదా."

షెడ్డంతా నవ్వులు. తాయారు కూడా నవ్వింది. ఆమెని మళ్ళీ తమ పిల్లగా వాళ్ళు కలుపుకున్నారని ఆ నవ్వులోనే తెలిసింది. చిన్నప్పుడైతే అది విని పారిపోయేది.

మొదట పట్టు వచ్చింది టౌనులో ఒక లెక్చరరుకి. ఆయన చొక్కా విప్పుతూ విసుక్కున్నాడు, ఇరవయ్యొకటో శతాబ్దంలో ఇదేం ఖర్మ అన్నాడు. తాయారు మంచం కమ్మీ పట్టుకుని పాదం ఆనించింది. కాసేపటికి ఆయన గొణుగుడు ఆగింది. ఆమె తీయబోతుంటే, "ఇంకో రెండు నిమిషాలుంచితే మీకేమైనా ఇబ్బందా?" అన్నాడు. ఆ కబురు ప్రొఫెసరు దాకా వెళ్ళింది.

నరం మీద పడ్డ గుజ్జు తీసేసి, అచ్చియ్యమ్మకి రెండో సూది వేశారు. ఈసారి ఇంటికి పంపకుండా అక్కడే ఉంచారు. రోజూ పొద్దున తాయారు తెర చూసేది. నీలం గీతలు పైనుంచి కొన్ని, కిందనుంచి కొన్ని, మెల్లగా ఎదురొస్తున్నాయి. పాదం మాత్రం అలాగే వేలాడుతోంది. పట్టు ఒకరోజు టిఫిన్ల వేళకి వచ్చింది. అచ్చియ్యమ్మ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకునే బిగుసుకుపోయింది. ఇద్దరు నర్సులు సాయం పట్టి పరుపు మీద బోర్లా పడుకోబెట్టారు.

తాయారు చెప్పులు విప్పి, కమ్మీ పట్టుకుని, కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏమే, కాలెత్తి నుంచున్నావు? కొంగవా?" అంది అచ్చియ్యమ్మ దిండులోంచి, నొప్పిలోనే.

"నా వల్ల కావట్లేదత్తా."

"లెక్చరరుకి పెట్టావంట కదా."

"ఆయన వేరు. నువ్వు..." తాయారు కాలు దించేసింది. నోట్లోంచి ఏనాడూ రాని మాట వచ్చేసింది. "ఈ కాళ్ళు ముందొచ్చే కదత్తా అమ్మ పోయింది."

అచ్చియ్యమ్మ దిండు మీద తల ఇటు తిప్పింది.

"ఎవరన్నారే ఆ మాట?"

"అందరూ."

"అందరూ ఉన్నారా అక్కడ? ఉన్నది నేను." అచ్చియ్యమ్మ ఊపిరి తీసుకోడానికి ఆగి ఆగి మాట్లాడింది. "గోదారి పొంగి లంక చుట్టూ నీళ్ళు. మంత్రసాని రాలేదు, పడవ రాలేదు. నేనూ మీ అమ్మా, ఇద్దరమే. ముందు నీ పాదాలే కనపడ్డాయి. ఇంతింతే ఉన్నాయి. ఈ రెండు చేతుల్తోనే పట్టుకున్నాను. లాక్కూడదని మా అమ్మ చెప్పేది, లాగలేదు. అలా పట్టుకునే కూచున్నాను. నువ్వే మెల్లగా వచ్చావు. మీ అమ్మ నిన్ను ఒళ్ళో పెట్టుకుంది, పాలు కూడా ఇచ్చింది. ఆ తర్వాత మాయ పడలేదు. నెత్తురాగలేదు. పడవొచ్చేతలికి అయిపోయింది. పడవ రాకపోతే నీ కాళ్ళేం చేత్తాయే?"

తాయారు కమ్మీ మీదికి వంగింది. పాలు ఇచ్చిందా. తల్లి తనని చూసిందని కూడా ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళుగా తాను వస్తూ వస్తూనే చంపేశాననుకుంది.

"ఎప్పుడూ చెప్పలేదేం అత్తా?" అంది ఏడుస్తూనే.

"నువ్వడిగితే కదా. ఊళ్ళో వాగుడంతా నెత్తినెట్టుకు తిరుగుతున్నావని నాకేం తెలుసు? చదువుకున్నదానివి కదా అనుకున్నాను. ఇంక ఏడిచింది చాలు. కాలెయ్యి, చచ్చిపోతన్నాను."

తాయారు కళ్ళు తుడుచుకుని కాలెత్తింది. ఈసారి పాదం ఆగలేదు. అత్త నడుం చెమటతో వెచ్చగా తగిలింది. చర్మం ఆనగానే అక్కడితో ఆపి, తన బరువంతా కమ్మీ మీదికీ ఎడమకాలి మీదికీ తీసుకుంది.

"పెట్టావా?"

"పెట్టాను."

"తెలీడం లేదే."

"తెలీకూడదు."

పట్టు పెరిగింది. అచ్చియ్యమ్మ వేళ్ళు దుప్పటిని పీకుతున్నాయి. "కొంచెం వెయ్యవే. కొంచెమే. నీ కాలికి దణ్ణం పెడతాను." వెయ్యనంది తాయారు. అచ్చియ్యమ్మ బతిమాలింది, తిట్టింది, పెంచి పెద్ద చేసినందుకు ఇదా అంది. ఆ మాటకి తాయారు గుండె తరుక్కుపోయింది. అయినా పాదం మీద చీమంత బరువు కూడా రానివ్వలేదు. ఎడమకాలు వణుకుతోంది, తొడలు మండుతున్నాయి. నర్సు వచ్చి కుర్చీ వేస్తానంది. కూర్చుంటే పాదం బరువు దిగుతుందని వద్దంది. పొద్దెక్కి, మధ్యాహ్నం భోజనాల బండి వచ్చి వెళ్ళింది. భానుమూర్తి గారు ఎప్పుడొచ్చారో వచ్చి తెర దగ్గర నిలబడ్డారు. తెర ఆమెకి కనపడటం లేదు. చూడాలని మెడ తిప్పితే పాదం కదులుతుందని చూడలేదు.

"కలుస్తున్నాయి తాయారూ. ఉండు. అలాగే ఉండు" అన్నారాయన.

అచ్చియ్యమ్మ తిట్లు సన్నబడ్డాయి. తర్వాత ఊపిరి నిదానించింది. గుర్రు వినిపించింది. అప్పుడు కూడా తాయారు కాలు తియ్యలేదు. ప్రొఫెసర్ వచ్చి ఆమె పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టారు. ఆమెకి తన కాలు తనదిలా లేదు. మిగిలిన మూడు రోజులూ అదే పని. రెండో రోజు అచ్చియ్యమ్మ బరువు వెయ్యమని అడగలేదు.

గుజ్జు నిలిచింది. నర్సరీవాళ్ళకి మళ్ళీ సూదులు మొదలయ్యాయి. పాదాలు పడిపోయిన ముగ్గురికీ రెండో సూది పడింది. పట్టు వచ్చిన ఇంటికల్లా తాయారు చెప్పులు విప్పి వెళుతోంది. కానీ అచ్చియ్యమ్మ పాదం లేవలేదు. నరం నలిగినన్నాళ్ళు నలిగింది, మళ్ళీ చిగురించడం దాని చిత్తం అన్నారు ప్రొఫెసర్. అచ్చియ్యమ్మ కుడికాలు ఈడ్చుకుంటూనే నడుస్తోంది. నడుం నొప్పి లేదు, కూర్చుని లేవగలుగుతోంది, చాల్లే అంటోంది. తాయారు చాలనుకోలేదు. అత్తని రాజమండ్రిలో తన దగ్గరే ఉంచుకుని, రోజూ ఉద్యోగం నుంచి రాగానే స్టూలు మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, ఆ పాదం మీద అరచెయ్యి పెట్టి "ఎత్తత్తా" అనేది. అచ్చియ్యమ్మ ఎత్తాననేది. చేతికేమీ తెలిసేది కాదు.

గోదావరికి వరద ఎర్రనీళ్ళు వచ్చి, తీసి, నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. ఒక ఆదివారం పొద్దున తాయారు ఎప్పట్లాగే అరచెయ్యి పెట్టింది.

"ఎత్తత్తా."

"ఎత్తాను."

చెయ్యి కింద బొటనవేలు కదిలింది. తాయారు తన చెయ్యే వణికిందేమో అనుకుంది. ఊపిరి బిగబట్టి మళ్ళీ ఎత్తమంది. ఈసారి బొటనవేలొక్కటే కాదు. పాదం మొత్తం, మడమ నేల మీదే ఉండి, మెల్లగా లేచి ఆమె అరచేతిని పైకి నెట్టింది. తాయారు రెండు చేతులతోనూ ఆ పాదాన్ని పట్టుకుంది. పట్టుకుని, మొహం దాని మీద ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చింది.

అచ్చియ్యమ్మ ఆమె తల మీద చెయ్యేసింది.

"వదలవే ఇంక" అంది. "పట్టుకు కూచుంటే నేను నడిచేదెట్టా?"

తాయారు వదిలింది.